మూడో రోజు మెడ నిలబడలేదు: పురుగుల మందు, నొప్పి బిళ్లలు కలిసిన ఒక కేసు

ఒకే రోగి విషయంలో మూడు రోజుల వ్యవధిలో రెండు వ్యతిరేక దిశల్లో పొరబడిన కేసు ఇది. మొదటి రాత్రి అందరూ పురుగుల మందునే చూశారు, మత్తుమందు జాతికి చెందిన నొప్పి బిళ్లల సంగతి ఎవరికీ తట్టలేదు. దాన్ని మేము కనిపెట్టిన తరువాత, ఆ సంతోషంలో, మూడో రోజున పురుగుల మందును మరిచిపోయాం. రెండుసార్లూ రోగి ఊపిరి విషయం చెబుతూనే ఉంది. రోగి వయసు, ఊరు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీలులేకుండా మార్చాను. వైద్యానికి సంబంధించిన అంకెలను మాత్రం మార్చలేదు.

నేపథ్యం

విశాఖపట్నంలోని పెద్దాసుపత్రులకు విషం కేసులు నేరుగా రావడం తక్కువ. అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి, పాడేరు ఘాటు దిగి ఏజెన్సీ నుంచి, ఒక్కోసారి ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి కూడా వస్తారు. మా దగ్గరికి చేరేలోపు రోగి ఒకటో రెండో ఆసుపత్రులు చూసి ఉంటాడు, కొన్ని గంటలు గడిచి ఉంటాయి, కొన్ని మందులు ఒంట్లోకి వెళ్లి ఉంటాయి. అంటే మేము చూసే లక్షణాలు విషానివి మాత్రమే కావు, అప్పటికే చేసిన వైద్యానివి కూడా. ఈ కేసులో చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుల మందులు అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. దానితో నరాల చివర అసిటైల్ కోలిన్ పేరుకుపోతుంది. చొంగ, చెమట, విరేచనాలు, ఊపిరితిత్తుల్లో నీరు, మందగించిన గుండె, సూదిమొనంత కంటిపాప ఇవన్నీ దాని ఫలితాలే, వీటికి అట్రోపిన్ విరుగుడు. అయితే అదే అసిటైల్ కోలిన్ కండరాలను కూడా మొదట అదిరేలా చేసి, తరువాత చచ్చుబడేలా చేస్తుంది. అట్రోపిన్ ఎంత ఎక్కించినా ఆ కండరాల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. మార్ఫిన్ జాతి నొప్పి మందులైన ఓపియాయిడ్ల దారి వేరు. అవి మెదడు కాండంలో ఊపిరిని నడిపించే కేంద్రాన్నే జోకొడతాయి. కంటిపాప అక్కడా సూదిమొనంతే అవుతుంది. మన వార్డుల్లో విషం కేసు అనగానే మొదట టార్చి వేసి కన్ను చూసే అలవాటు ఉంది కనుక, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఆ ఒక్క గుర్తే మనను ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది.

వచ్చినప్పటి స్థితి

మే నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు 108లో వచ్చాడు. నలభైకి అటూ ఇటూ వయసు, చెరకు, వరి సాగు చేసే కౌలురైతు. సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పొలం దగ్గర క్లోర్‌పైరిఫాస్ అనే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు తాగాడని వెంట వచ్చిన బావమరిది చెప్పాడు. ఊళ్లో వాళ్లు ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. మొదటి ఆసుపత్రిలో, స్పృహ తగ్గుతున్న మనిషికి, శ్వాసనాళంలో ట్యూబు లేకుండానే కడుపు కడిగారు. రెండోచోట ఫిట్స్ వస్తే, వాటిని ఆపే, మత్తు కూడా కలిగించే మిడజోలం 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండు చోట్లా కలిపి అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లు నలభై వాడారు. రిఫరల్ చీటీలో మొదటి పంక్తి ఇది: కంటిపాపలు సూదిమొనంత, నోట్లో నురగ, ఛాతీలో గరగర.

మేము చూసేసరికి ఆ పంక్తిలోని మూడు సంగతుల్లో ఒక్కటీ మిగలలేదు. కంటిపాపలు 4 మిల్లీమీటర్లు. నోరు పిడచగట్టుకుపోయి ఉంది. ఛాతీలో ఎక్కడా గరగర లేదు. నాడి 132, రక్తపోటు 110/70, ఒంటి వేడి 38.6 డిగ్రీల సెల్సియస్, పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడు లేదు. విశాఖ మే నెల ఉక్కలో క్యాజువాల్టీలో ఉన్న ప్రతి ఒక్కరి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంటే, ఇతని చంక మాత్రం బూడిద పూసినట్టు పొడిగా ఉంది. ఇవన్నీ అట్రోపిన్ సరిపోయిందని, కాస్త మించింది కూడా అని చెప్పే గుర్తులు.

కానీ అతను మత్తుగా పడి ఉన్నాడు, గట్టిగా గిల్లితే మూలిగేవాడు తప్ప కళ్లు తెరవడం లేదు. నిమిషానికి ఊపిరి ఎనిమిదిసార్లు. ఆక్సిజన్ పెట్టకుండా సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 86.

మొదటి నిర్ణయం: ఈ ఊపిరి ఎవరిది?

రెండు పొంతన లేని సంగతులు ఒకే మంచం మీద ఉన్నాయి. అట్రోపిన్ మించిన మనిషి సాధారణంగా కుదురుగా ఉండడు, గాలిలో ఏవో పట్టుకోబోతాడు, సెలైన్ గొట్టం పీకుతాడు. ఆర్గానోఫాస్ఫేట్ వల్ల ఊపిరి ఆగిపోబోతున్న మనిషి అయితే ఛాతీ తడిసి ఉండాలి, లేదా కండరాలు చచ్చుబడి ఊపిరి పైపైన వేగంగా ఉండాలి. ఇతనిది పొడి ఛాతీ, నెమ్మదైన, లోతైన ఊపిరి. డ్యూటీలో ఉన్న పీజీ ఇది విషం మెదడుకు ఎక్కడం వల్లేనని, వెంటనే ట్యూబు వేసి వెంటిలేటరుకు ఎక్కిద్దామని అన్నాడు. ఆ మాట తప్పేమీ కాదు. కారణం తెలియకపోయినా ఊపిరి అందించవచ్చు, అందించాలి కూడా. చేత్తో నొక్కే ఆంబూ బ్యాగుతో ఊపిరి అందిస్తూనే కారణం వెతకడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాం.

మిడజోలం ఒక అనుమానితుడు. కానీ ఇచ్చి నాలుగు గంటలు దాటింది, మోతాదు 5 మిల్లీగ్రాములే. దాని విరుగుడైన ఫ్లూమజెనిల్ ఇచ్చి చూద్దామన్న ఆలోచనను వెంటనే వదిలేశాను, ఎందుకంటే ఫిట్స్ వచ్చిన మనిషికి అది మళ్లీ ఫిట్స్ తెప్పించవచ్చు. చీటీలో రాసిన సూదిమొన కంటిపాపను ఆర్గానోఫాస్ఫేట్ ఖాతాలో వేయడం సులువే, నురగ, గరగర కూడా ఉన్నాయి కనుక అది సబబే. అయితే ఆ కంటిపాపకు ఇంకొక కారణం కూడా తోడై ఉంటే, నలభై ఆంప్యూళ్ల అట్రోపిన్ ఆ ఆనవాలును చెరిపేసి ఉంటుంది. మిగిలిన ఒక్క ఆనవాలు ఊపిరి లెక్క. నిమిషానికి ఎనిమిది అనేది ఓపియాయిడ్ లెక్క.

బావమరిదిని ఏమైనా బిళ్లలు వాడతాడా అని అడిగితే లేదన్నాడు. మళ్లీ అడిగితే, పోలీసు కేసవుతుందా బాబూ అని ఎదురు ప్రశ్న వేశాడు. విషం కేసు గనుక మెడికో లీగల్ నమోదు, అవుట్‌పోస్టుకు కబురు తప్పవని, అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ఇలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించడానికి కాక ఆదుకోవడానికే చట్టం చూస్తుందని నిలబడే రెండు ముక్కల్లో చెప్పాను. ఆ మాటలు వింటున్నది గోడవార కూర్చున్న రోగి భార్య. ఆమె లేచి వచ్చి, పైట కొంగు ముడి విప్పి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఒక స్ట్రిప్పు పెట్టింది. ట్రమడాల్, ఓపియాయిడ్ జాతి నొప్పి బిళ్ల. నడుము నొప్పికి రెండేళ్లుగా వాడుతున్నాడని, మొదట్లో ఒకటి, తరువాత పూటకు రెండేసి అని, ఆ రోజు ఇంట్లో ఉన్నవన్నీ మింగాడని చెప్పింది. చీటీ లేకుండా కొన్నవి కావడంతో అప్పటిదాకా బయటపెట్టలేదు.

ఇక్కడ ఒక మాట. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు, 2018 ఏప్రిల్ నుంచి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం పరిధిలో కూడా ఉంది. చీటీ చూసి, రిజిస్టరులో రాసి అమ్మాలి. అయినా పల్లెల్లో అది ఇప్పటికీ నడుము బిళ్లే. దాన్ని వాడేవాడికి తాను మత్తుమందు వాడుతున్నానన్న ఊహ కూడా ఉండదు, అందుకే మత్తుమందులు అలవాటున్నాయా అని అడిగితే లేవనే జవాబు వస్తుంది, ఆ జవాబు అబద్ధం కూడా కాదు.

పనిచేసినది, పాక్షికంగా

ఓపియాయిడ్లకు విరుగుడైన నలోక్సోన్ మా క్యాజువాల్టీ ట్రాలీలో లేదు. ఆపరేషన్ థియేటరు నుంచి తెప్పించాం. ఒక 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూలును సెలైనుతో 10 మిల్లీలీటర్లకు పలచన చేసి, రెండు నిమిషాలకు ఒక మిల్లీలీటరు చొప్పున ఇచ్చాం. మొత్తం ఒకేసారి ఇవ్వకపోవడానికి కారణాలు రెండు. రోజూ వాడే మనిషికి ఒక్కసారిగా ఓపియాయిడ్‌ను తొలగిస్తే వాంతులు, గింజుకోవడం మొదలవుతాయి, కడుపులో పురుగుల మందు ఉన్నవాడు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండోది, ట్రమడాల్ తనంతట తానే ఫిట్స్ తెప్పించే మందు, నలోక్సోన్ ఆ గుణాన్ని తగ్గించదు సరికదా పెంచవచ్చు. రెండో ఆసుపత్రిలో వచ్చిన ఫిట్స్ కూడా దీనివేనేమో అన్న అనుమానం అప్పుడే కలిగింది.

ఐదో మిల్లీలీటరు దగ్గర ఊపిరి పదిహేనుకు పెరిగింది. కళ్లు తెరిచి దాహం అన్నాడు. ట్యూబు అవసరం తప్పింది. నలోక్సోన్ ప్రభావం గంట, మహా అయితే గంటన్నర. యాభై నిమిషాలకు ఊపిరి మళ్లీ తొమ్మిదికి దిగింది, అందుకు సిద్ధంగానే ఉన్నాం. పనిచేసిన మోతాదులో మూడింట రెండు వంతులను గంటకు చొప్పున డ్రిప్పుగా ఎక్కించి, మరునాటి రాత్రికి ఆపగలిగాం. అయినా అతని మత్తు పూర్తిగా విడలేదు. ట్రమడాల్ విషయంలో నలోక్సోన్ సగం పనే చేస్తుంది, మిగతా సగంలో మిడజోలం వాటా కూడా ఉండి ఉంటుంది.

మరునాడు ఒక సహోద్యోగి మూత్రంలో ఓపియేట్ స్ట్రిప్పు పరీక్ష చేయించి, నెగెటివ్ వచ్చిందని, మా నిర్ధారణ తప్పని అన్నారు. ఆ స్ట్రిప్పు మార్ఫిన్ వంటి వాటిని పట్టుకోవడానికి తయారైనది. ట్రమడాల్, ఫెంటనిల్ వంటివి దానికి సాధారణంగా దొరకవు. నెగెటివ్ వచ్చిందని నలోక్సోన్ ఆపేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పురుగుల మందు వైద్యం సమాంతరంగా సాగింది. స్టాఫ్ నర్సు ఒకామె అందరికంటే ముందు గమనించిన సంగతి, అతని లుంగీ అంచు ఇంకా తడిగా, కిరోసిన్ లాంటి వాసనతో ఉండటం. ఏడు గంటలుగా విషం తొడ చర్మానికి ఆనుకునే ఉంది. బట్టలు విప్పి కవరులో కట్టి, గ్లౌజులు వేసుకుని, సబ్బునీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడిగారు. అట్రోపిన్‌ను ఆ గంట ఆపి, పేగుల చప్పుడు తిరిగి వచ్చాక తక్కువ వేగంతో డ్రిప్పు మొదలుపెట్టాం. గుర్తుగా కంటిపాపను పెట్టుకోలేదు. ఛాతీలో గరగర లేకపోవడం, నాడి 80కి పైన, పై రక్తపోటు 80కి పైన, చంక పొడి, ఇవే కొలతలు. మోతాదును ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ వెళ్లి తరువాత డ్రిప్పుకు మారే పద్ధతి, అప్పుడొకటి అప్పుడొకటి ఇచ్చే పాత పద్ధతి కంటే మేలని 2012లో బంగ్లాదేశ్ అధ్యయనం చూపింది. అందులో పాత పద్ధతిలో మరణాలు 22.5 శాతం, కొత్త పద్ధతిలో 8 శాతం.

ఎంజైముకు అంటుకున్న విషాన్ని విడదీసే ప్రాలిడాక్సిమ్ ఇవ్వాలా వద్దా అన్నది ఎప్పుడూ తేలని వాదమే. మహారాష్ట్రలోని బారామతిలో 2006 నాటి పరీక్షలో ఎక్కువ మోతాదు డ్రిప్పు మేలు చేసింది, శ్రీలంకలో 2009 నాటి పరీక్షలో మేలు కనబడలేదు. క్లోర్‌పైరిఫాస్ డైఈథైల్ రకం. ఎంజైముకు అంటుకున్న విషం ఇక విడదీయరానిదిగా మారడానికి ఈ రకంలో ఒక రోజు పైనే పడుతుంది, డైమిథైల్ రకాల్లో కొన్ని గంటలే. ఏడు గంటల్లో వచ్చాడు కనుక ఇచ్చాం. అది పనిచేసిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏదీ లేదు.

విఫలమైనది

మూడో రోజు ఉదయానికి అతను లేచి కూర్చుని, అట్టు ముక్క తిన్నాడు. ఐసీయూలో మరొకరికి మంచం కావలసి వచ్చి ఇతన్ని వార్డుకు మార్చాం. కేస్ షీటులో ఆ ఉదయం రాసినది ఇంతే: స్పృహలో ఉన్నాడు, కంటిపాపలు మామూలు, ఛాతీ శుభ్రం, ఇదే వైద్యం కొనసాగించాలి. ఆ పంక్తి కింద సంతకం నాది.

మధ్యాహ్నం భార్య నర్సు దగ్గరకు వెళ్లి, "సిస్టరమ్మా, మెడ నిలబడ్డం లేదు, నేను ఎత్తి పట్టుకుంటేగానీ నీళ్లు తాగలేకపోతన్నాడు" అని చెప్పింది. హౌస్ సర్జను వెళ్లి చూస్తే కనురెప్పలు వాలి, మగతగా ఉన్నట్టు కనిపించాడు. ముందు రెండు రోజులు మేమంతా ఈ కేసును ట్రమడాల్ కేసుగా చెప్పుకుంటున్నాం. పీజీల క్లాసులో కూడా చెప్పాను. అందుచేత ఆ అబ్బాయికి తోచినది అదే: ఓపియాయిడ్ మళ్లీ పైకి వచ్చింది. నాకు ఫోన్ చేస్తే నేనూ సరేనన్నాను. నలోక్సోన్ ఇచ్చాడు, మార్పు లేదు, మరోసారి ఇచ్చాడు. అలా నలభై నిమిషాలు పోయాయి.

నేను వెళ్లేసరికి ఊపిరి నిమిషానికి ముప్పై నాలుగు, పైపైన. ఛాతీ కదలడం లేదు, పొట్ట లోపలికి పోతోంది. రెప్పలు వాలింది మగతతో కాదు, నీరసించిన కండరంతో. పేరు పెట్టి పిలిస్తే కళ్లు నా వైపు తిప్పాడు. తల దిండు మీంచి ఎత్తమంటే గడ్డం వణికింది గాని తల లేవలేదు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే నాలుగు దాటలేదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉండటంతో సాచురేషన్ 95 చూపిస్తోంది, మానిటరు చూసినవాళ్లందరూ దాన్ని చూసే ధైర్యంగా ఉన్నారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మాత్రం 68, ఉండవలసినదానికంటే చాలా ఎక్కువ.

ఇది ఇంటర్మీడియట్ సిండ్రోమ్. ఆర్గానోఫాస్ఫేట్ మింగిన తరువాత ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మొదటి గండం గడిచి రోగి కోలుకున్నట్టు కనిపించే వేళ, మెడ, భుజాలు, తొడలు, ముఖం, చివరకు ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. 1987లో శ్రీలంక వైద్యులు దీనికి ఆ పేరు పెట్టి వర్ణించారు. నేను చదువుకున్న విషయమే, పిల్లలకు చెప్పే విషయమే. దీనికి అట్రోపిన్, నలోక్సోన్ ఏవీ పనిచేయవు. వెంటిలేటరు ఒక్కటే వైద్యం, అది కూడా సమయానికి అందితే.

ట్యూబు వేసేటప్పుడు కండరాలను సడలించడానికి అలవాటుగా అందుకోబోయిన సక్సినైల్ కోలిన్‌ను మత్తువైద్యురాలు పక్కనపెట్టి రోక్యురోనియం తీసుకున్నారు. సక్సినైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము కూడా ఈ విషానికి చిక్కినదే కనుక, నిమిషాల్లో తీరవలసిన ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. వెంటిలేటరు మీద పదకొండు రోజులు ఉన్నాడు. ఆరో రోజున కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా బయటపడింది. మొదటి రోజు ట్యూబు లేకుండా కడుపు కడిగినప్పుడే దానికి బీజం పడి ఉంటుందని నా అనుమానం, వెంటిలేటరు వల్ల వచ్చినదీ కావచ్చు.

తరువాత మార్చుకున్నవి

వార్డులో మరణాలు సంభవించిన పాత కేస్ షీట్లు కొన్ని తీసి చదివాను. అర్ధరాత్రి ఊపిరి ఆగిపోయిందని రాసిన చోట, అంతకు ముందు పూట నోట్సులో కంటిపాపల కొలత ఉంది, నాడి ఉంది, అట్రోపిన్ లెక్క ఉంది. మెడ గురించి మాట లేదు. ఊపిరి అన్నచోట చాలా షీట్లలో 20 అని ఉంది, వరుసగా, పూట పూటకూ అదే 20. నిమిషం పాటు లెక్కపెట్టి రాసిన అంకె అలా ఉండదు.

కాబట్టి ఇప్పుడు విషం కేసుల చార్టులో మూడు గడులు అదనంగా గీయించాం. ఊపిరి పూర్తి నిమిషం లెక్కపెట్టి రాయాలి, వేగంతో పాటు లోతుగానా పైపైనా అన్నది కూడా. తల దిండు మీంచి ఎత్తి ఐదు సెకన్లు నిలపగలడా అన్నది రెండోది. మూడోది ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడన్నది. చదువురాని రోగులకు అంకెల బదులు చెడుగుడు కూత పెట్టమంటున్నది నర్సమ్మలే, వాళ్లు కనిపెట్టిన ఈ ఉపాయం ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు. మొదటి నాలుగు రోజులు ఇది తప్పనిసరి. తల ఎత్తలేకపోతే సాచురేషన్ ఎంతున్నా ఐసీయూకు కబురు పంపే అధికారం నర్సుకే ఇచ్చాం, హౌస్ సర్జను ఒప్పుకోలు అక్కరలేదు. కుటుంబీకులకు కూడా, తల నిలపలేకపోయినా, మాట ముక్కుతో వచ్చినా, మింగలేకపోయినా వెంటనే చెప్పాలని మొదటి రోజే చెబుతున్నాం.

ట్రాలీలో నలోక్సోన్ ఉంచుతున్నాం. పురుగుల మందు తాగి వచ్చిన ప్రతి ఒక్కరి ఇంటివాళ్లనూ నొప్పి బిళ్లలు, నిద్ర బిళ్లలు ఏవైనా వాడతాడా అని అడుగుతున్నాం, మత్తుమందు అన్న మాట వాడకుండా. మారనిది ఐసీయూ మంచాల సంఖ్య. మూడో రోజున ఒకరిని బయటకు పంపి మరొకరిని తీసుకోవలసిన పరిస్థితి మళ్లీ వస్తుంది, వచ్చింది కూడా.

నడుము నొప్పి సంగతి చివరకు మిగిలింది. సైకియాట్రీ వాళ్లు ఐసీయూలోనే వచ్చి అతనితో, భార్యతో విడివిడిగా మాట్లాడారు. కౌలు బాకీ, నిద్రలేమి, బిళ్ల అందని రోజున ఒళ్లంతా పీకడం, ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, ఏ ఒక్కదాన్నీ కారణమని రాయడానికి వాళ్లూ ఒప్పుకోలేదు. ఓపియాయిడ్ మానడంలో వచ్చే బాధకు వేరే వైద్యం, నడుముకు ఫిజియోథెరపీ, ఎప్పుడు మనసు బాగోకపోయినా చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరు డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపాం. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో మంచం కింద ఉండేవట. ఇప్పుడు పెదనాన్నగారి మోటారు షెడ్డులో తాళం వేసి పెడుతున్నామని, తాళంచెవి తన దగ్గరే ఉంటోందని భార్య చెప్పింది.

ఆరు వారాలకు ఓపీకి ఇద్దరూ వచ్చారు. గొంతు ఇంకా కాస్త బొంగురుగా ఉంది, చెరకు కట్ట ఎత్తవచ్చా అని అడిగాడు. బల్ల మీద పడుకోబెట్టి తల ఎత్తి ఉంచమన్నాను. ఎత్తాడు. నేను గడియారం చూస్తూ ఐదు దాటి పది, పదిహేను దాకా లెక్కపెడుతూనే ఉన్నాను. "ఇంకా ఎంతసేపు బాబూ?" అన్నాడు.